సేల్స్‌లో ధైర్యం, నిలకడ: ఒంగోలు, నెల్లూరు ఫీల్డ్ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

పదహారేళ్ళుగా నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతున్నాను. మొదట కనిగిరి, పామూరు, పొదిలి వైపు బ్యాగు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగాను, తర్వాత ఒంగోలులో చేశాను, ఇప్పుడు నెల్లూరులో ఉంటూ రెండు జిల్లాల్లో తిరిగి అమ్మే మా టీమ్ పిల్లలను చూసుకుంటున్నాను. కొత్తగా చేరినవాళ్ళు సాయంత్రం టీ కొట్టు దగ్గరో, రాత్రి ఫోన్లోనో అడిగేవి దాదాపు ఇవే. ఇన్సూరెన్స్, రొయ్యల ఫీడ్, పురుగుమందులు, ప్లాట్లు అమ్మేవాళ్ళకు కూడా పనికొస్తాయని ఒకచోట రాసి పెడుతున్నాను.

తలుపు కొట్టాలంటేనే గుండె దడదడలాడుతోంది. ఈ పని నాకు సెట్ కాదేమో?

దడ ఉన్నంత మాత్రాన సెట్ కాదని కాదు. నా మొదటి రోజు కనిగిరిలో, మే నెల ఎండలో, ఒక ఇంటి గేటు ఎదురుగా వేపచెట్టు కింద పావుగంట నిలబడ్డాను. ఇంటికి తాళం వేసి ఉంటే బాగుండు అనిపించింది. లోపలి నుంచి ఒక పెద్దావిడ చూసి, "ఏందబ్బాయ్, ఎండలో నిలబడ్డావు, నీళ్ళు కావాలా?" అని చెంబుతో తెచ్చిచ్చింది. తాగాను, దణ్ణం పెట్టి వచ్చేశాను. బ్యాగులో బ్రోచర్లు అలాగే ఉన్నాయి. ఆ నీళ్ళు నోటికి కాస్త ఉప్పగా తగిలాయి, అరుగు మీద కూర్చున్న ఆవిడ మనవడి పళ్ళ మీద గోధుమరంగు గారలు కనిపించాయి. కనిగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని, పళ్ళకు ఆ గారలు దానివల్లేనని ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. రాత్రి లాడ్జి గదిలో పడుకుంటే ఆ పిల్లాడి పళ్ళే గుర్తొచ్చాయి. నేను నా గురించి భయపడుతూ కూర్చున్నాను కానీ ఆ ఇంటికి నా దగ్గర ఉన్న వస్తువుతో నిజంగా పని ఉంది అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. మర్నాడు పొద్దున అదే గేటు తీసి లోపలికి వెళ్ళాను. ఆవిడ కొనలేదు, కానీ పక్కింటి టీచరమ్మకు తనే పరిచయం చేసింది.

భయం పోయాక వెళ్దామని కూర్చుంటే ఎప్పటికీ వెళ్ళరు. నాకు ముప్పై నలభై ఇళ్ళు తిరిగాక దడ తగ్గింది, పూర్తిగా పోవడానికి మాత్రం నెలలు పట్టింది, ఇప్పటికీ పెద్ద హాస్పిటల్ ఆర్డర్‌కి వెళ్తుంటే అరచేతులు చెమట పడతాయి.

పొద్దున్నే మోటివేషన్ వీడియోలు చూస్తున్నాను, అద్దం ముందు "నేను చేయగలను" అని చెప్పుకుంటున్నాను. పనిచేస్తుందా?

పదకొండు గంటల వరకు పనిచేస్తుంది. మొదటి ఇంట్లో మొహం మీద తలుపు వేస్తే దిగిపోతుంది.

ఆల్బర్ట్ బందూరా అని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. 'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో ఆయన 1977లో విడమరిచి రాశారు. సొంతంగా చేసి నెగ్గిన అనుభవం నుంచి, మనలాంటివాడు చేస్తుంటే కళ్ళారా చూడడం నుంచి, ఇతరులు చెప్పే ధైర్యం మాటల నుంచి, ఆ సమయంలో ఒంటికీ మనసుకీ ఎలా ఉందన్నదాని నుంచి. వీటన్నిటిలో గట్టిది మొదటిదే అన్నారు. వీడియోలు మాటల కిందికి వస్తాయి. అందుకే కొత్తగా చేరినవాళ్ళను నేను మొదటి వారం అమ్మమని పంపను, వాళ్ళ ఊరి వైపు నుంచే వచ్చి రెండేళ్ళుగా చేస్తున్న పిల్లాడి వెంట పంపుతాను, ఊరికే పక్కన నిలబడి చూడమంటాను. హైదరాబాద్ నుంచి సూటూ బూటూ వేసుకుని వచ్చిన ట్రైనర్‌ని చూస్తే "ఆయన వేరు" అనిపిస్తుంది. మర్రిపాడు పిల్లాడు ఆత్మకూరులో అమ్ముతుంటే పక్కన ఉన్న ఉదయగిరి పిల్లాడికి "వీడు చేస్తే నేనెందుకు చేయలేను" అనిపిస్తుంది. రెండో వారం చిన్న పనులు ఇస్తాను: పాత కస్టమర్ల ఇళ్ళకు వెళ్ళి ఫిల్టర్ లోపలి క్యాండిల్ మార్చడం, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) చూసి చెప్పడం. అక్కడ తిట్టేవాళ్ళు ఉండరు, కాఫీ కూడా ఇస్తారు. నెగ్గిన అనుభవం అంటే మొదట్లో ఈ మాత్రం చాలు.

నేను అమ్మే వస్తువు మీద నాకే నమ్మకం లేదు. ధైర్యంగా ఎలా మాట్లాడాలి?

మాట్లాడకండి. ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సేల్స్‌లో బెదురు అని మనం అనుకునేదాంట్లో సగం నిజానికి మనస్సాక్షి.

నేను చేరిన కొత్తలో మాకు ఒక డెమో నేర్పారు. రెండు గ్లాసులు, ఒకదాంట్లో ఆ ఇంటి బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో మన మెషిన్ నీళ్ళు. కరెంటుకు తగిలించిన ఒక చిన్న పరికరం, దానికి లోహపు కడ్డీలు. వాటిని గ్లాసుల్లో ముంచి స్విచ్ వేస్తే రెండు నిమిషాల్లో బోరు నీళ్ళు మురికి కాలవ నీళ్ళలా గోధుమరంగులోకి తిరుగుతాయి, మన నీళ్ళు తెల్లగా ఉంటాయి. ఇంట్లోవాళ్ళు నోట మాట లేకుండా చూస్తారు. "ఇదేనమ్మా మీ పిల్లలు రోజూ తాగేది" అనాలి. నేనూ అన్నాను, చాలా ఇళ్ళలో అన్నాను.

పొదిలిలో ఒక సైన్సు మాస్టారు ఇంట్లో ఇదే చేశాను. ఆయన ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి చిటికెడు ఉప్పు తెచ్చి, మన మెషిన్ నీళ్ళలో వేసి, "ఇప్పుడు పెట్టు నాయనా" అన్నారు. పెట్టాను. అవీ గోధుమరంగయ్యాయి. "ఆ రంగు నీళ్ళలోది కాదు, నీ ఇనుప కడ్డీ కరిగి తుప్పు దిగుతోంది. నీళ్ళలో ఉప్పుంటే కరెంటు బాగా పారుతుంది, ఉప్పు లేకపోతే పారదు, అంతే" అన్నారు. తిట్టలేదు. టీ తాగి వెళ్ళమన్నారు. ఆ టీ గొంతు దిగలేదు.

ఆ తర్వాత ఆ పరికరం బ్యాగులో నుంచి తీసేశాను. మేనేజర్‌తో గొడవయింది, రెండు నెలలు నా లెక్క పడిపోయింది కూడా. కానీ నా గొంతు మారింది. అంతకుముందు ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఒళ్ళంతా బిగుసుకునేది, దొరికిపోతానేమో అని. ఇప్పుడు ఎంత చదువుకున్నవాళ్ళు అడిగినా కంగారు లేదు. టీడీఎస్ మీటర్ పెట్టి చూపిస్తాను, ఇది నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం చెప్తుంది గానీ ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, దానికి ల్యాబ్ టెస్ట్ చేయించుకోవాలి అని నేనే ముందు చెప్తాను. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 వరకు. కాచి చల్లార్చితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, ఆర్‌ఓ (సన్నని పొర గుండా నీళ్ళను ఒత్తిడితో వడకట్టే పద్ధతి) తీస్తుంది, తీసే క్రమంలో చాలా నీళ్ళు వృథా చేస్తుంది. టీడీఎస్ తక్కువ ఉన్న ఇంట్లో "మీకు ఆర్‌ఓ అక్కర్లేదు, సూక్ష్మజీవులను చంపే యూవీ లైటు మెషిన్ చాలు" అని చెప్పేస్తాను. అది చెప్పిన ఇళ్ళ నుంచే నాకు ఎక్కువ రిఫరెన్సులు వచ్చాయి.

మీ వస్తువు గురించి ఒక కాగితం మీద రెండు వైపులా రాయండి. ఒక వైపు అది ఏం చేస్తుందో, ఇంకో వైపు ఏం చేయదో. రెండో వైపు రాయలేకపోతే మీకు వస్తువు ఇంకా తెలియదు. రాశాక చూసుకుంటే మొత్తం అబద్ధమే అని తేలితే కంపెనీ మారండి, అది పిరికితనం కాదు.

"వద్దు" అంటే మనసు విరిగిపోతోంది. మనసుకు తీసుకోకుండా ఎలా?

అమెరికాలోనే మార్టిన్ సెలిగ్‌మన్, పీటర్ షుల్మన్ అనే ఇద్దరు జీవిత బీమా ఏజెంట్ల మీద చేసిన అధ్యయనం 1986లో వచ్చింది. ఎదురుదెబ్బ తగిలినప్పుడు ఒక్కొక్కరూ తమకు తాము ఏ కారణం చెప్పుకుంటారో చూశారు. ఆశ వదలకుండా కారణం చెప్పుకునే సగం మంది మొదటి రెండేళ్ళలో మిగతా సగం కన్నా 37 శాతం ఎక్కువ పాలసీలు అమ్మారు. దెబ్బతినే రకం చెప్పుకునే కారణాలు మీకు తెలిసినవే: "ఎప్పుడూ ఇంతే", "ఏది పట్టుకున్నా ఇంతే", "తప్పంతా నాదే". రెండో రకం వాళ్ళకు అదే "వద్దు" ఈ రోజుకు, ఈ ఇంటికి, ఈ కారణానికి మాత్రమే.

ఇది వట్టి ఊరడింపు కాదు, మన దగ్గర కళ్ళముందే కనిపిస్తుంది. టంగుటూరు వైపు జనవరిలో పొగాకు రైతు ఇంటికి వెళ్తే "వద్దయ్యా, పో" అని కసిరి పంపిస్తాడు. ఆ నెలల్లో ఆయన బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) కట్టెలకూ కూలీలకూ డబ్బు పోస్తున్నాడు, రాత్రిళ్ళు నిద్ర లేదు. వేలం మొదలై బేళ్ళ డబ్బు బ్యాంకులో పడ్డాక అదే మనిషి ఫోన్ చేసి పిలుస్తాడు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల రైతుదీ అంతే, చెరువు పట్టుబడి అయ్యి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) బాగా వస్తే ఒక లెక్క, మధ్యలో వైట్ స్పాట్ తెగులు తగిలితే ఇంకో లెక్క. మీరు వెళ్ళింది చెరువులో రొయ్య తేలిన రోజు అయితే ఆయన మిమ్మల్ని కాదు, దేవుడినైనా వద్దంటాడు.

అందుకని నేను "వద్దు" అన్న ప్రతి ఇంటికీ ఎదురుగా నోట్‌బుక్‌లో కారణం రాస్తాను, నాకు అనిపించింది కాదు, వాళ్ళు చెప్పిన మాట. "వేలం అయ్యాక", "కొడుకు దుబాయ్ నుంచి వస్తే", "పోయినసారి ఒకడు మోసం చేశాడు". రాస్తుంటేనే సగం బరువు దిగుతుంది. అయితే ఒక్క మాట, అదే కారణం వరసగా పది ఇళ్ళలో వస్తే అప్పుడు తప్పు మీ దగ్గరే వెతకాలి. "మీరు చెప్పేది అర్థం కాలేదు" అని పదిమంది అంటే అది కాలం మహిమ కాదు.

పది రోజులుగా ఒక్కటి కూడా అమ్మలేదు. ఏం చేయాలి?

నాకు ఒకసారి ఇరవై మూడు రోజులు బోణీ కాలేదు. ఇరవయ్యో రోజుకు నాలో వచ్చిన మార్పు ఏమిటంటే, తలుపు తీయగానే ఆ మనిషి మొహంలో "వద్దు" ముందే వెతుక్కుంటున్నాను. అలా వెతికితే దొరుకుతుంది.

అప్పుడు మా సీనియర్ ఒకాయన రెండు రోజులు కొత్త ఇళ్ళు పూర్తిగా మానేయించాడు. పాత కస్టమర్ల ఇళ్ళకే వెళ్ళి ఊరికే మెషిన్ చూసి రమ్మన్నాడు. పామూరులో ఒక ఇంట్లో అవ్వ మూడేళ్ళ నాటి మెషిన్‌ని పసుపు బొట్టు పెట్టి గుడ్డ కప్పి ఉంచింది, "నువ్వు బిగించిన కాడి నుంచీ పప్పు ఎంత బాగా ఉడకతా ఉందో అబ్బాయ్" అంది. ఆ ఇంటి నుంచి బయటికి వచ్చి బైక్ స్టార్ట్ చేస్తుంటే ఒంట్లోకి బలం వచ్చినట్టయింది. మళ్ళీ కొత్త వీధిలోకి వెళ్ళింది ఆ ఊపుతోనే. ఇరవై నాలుగో రోజు అమ్ముడుపోయింది.

డల్‌గా ఉన్న రోజుల్లో రేటు తగ్గించి అమ్మకండి, మర్నాడు ఆ రేటే మీ మెడకు చుట్టుకుంటుంది. మధ్యాహ్నం తిండి మానేయకండి. ఖాళీ కడుపుతో, రోహిణి కార్తె ఎండలో తిరిగి తిరిగి సాయంత్రం "నేను పనికిరాను" అనుకునే పిల్లలను చాలామందిని చూశాను, వాళ్ళకు కావలసింది ఒక పూట భోజనం, మజ్జిగ, ఎనిమిది గంటల నిద్ర. అమ్మకం మీ చేతిలో లేదు, ఎన్ని ఇళ్ళకు వెళ్ళారన్నది మీ చేతిలో ఉంది, అందుకని నోట్‌బుక్‌లో ఆ అంకె పెద్దగా రాసుకోండి. నా పాత పుస్తకాలు తిరగేస్తే బాగున్న నెలల్లో కూడా నలభై తలుపులకు ఒకటో రెండో అమ్మాను. ఈ లెక్క తెలిశాక ముప్పై ఐదో తలుపు దగ్గర కాళ్ళు వెనక్కి లాగవు.

అంతా బాగానే చెప్తాను, "కొనండి" అని అడగడానికి మాత్రం మొహమాటం.

నెల్లూరు బారా షహీద్ దర్గా రొట్టెల పండగకు ఎప్పుడైనా వెళ్ళారా? మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి "వ్యాపార రొట్టె ఎవరి దగ్గరుంది? ఉద్యోగ రొట్టె ఎవరిస్తారు?" అని అడుగుతుంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, ఒకరికొకరు తెలియనివాళ్ళు. తమకు ఏం కావాలో నోరు తెరిచి అడగడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు, కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇచ్చి వెళ్తారు. నేను ఏటా వెళ్తాను. అలా అడిగేవాళ్ళను చూస్తే నాకు చాలా గౌరవంగా ఉంటుంది.

అడగందే అమ్మైనా పెట్టదు కదా. "అన్నా, మీకు నచ్చిందా? బిగించమంటారా?" అని మామూలుగా అడిగి ఆగిపోండి. అడిగాక నోరు మూసుకోవడమే కష్టం. మౌనం భరించలేక "పోనీ అన్నా, రేపు చెప్పండి" అని మనమే వాళ్ళ తరఫున వాయిదా వేస్తాం. ఆగండి. ఫ్యాను చప్పుడు వినండి. ఆయన వాళ్ళావిడ వైపు చూస్తాడు, ఆవిడ కొంగు సర్దుకుంటుంది, ఆ చూపుల్లో ఒక సంసారం లెక్కలు వేసుకుంటోంది, మధ్యలో దూరకండి.

నాకు ఇంగ్లీష్ రాదు, మాటలో యాస ఉంది. టౌన్‌లో పెద్దవాళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళాలి?

నెల్లూరు పొగతోట ఏరియాలో డాక్టర్లకు మా మెషిన్లు ఎక్కువ అమ్మింది ఇంటర్ చదివిన వింజమూరు పిల్లాడు. "ఎట్టా", "యాడ" అనే మాట్లాడతాడు. చెప్పిన టైముకు వెళ్తాడు, తెలియనిది "కనుక్కుని చెప్తా సార్" అని సాయంత్రానికి చెప్తాడు. ఇంగ్లీష్ నేర్చుకోండి, మంచిదే, కానీ వచ్చేదాకా ఆగకండి.

నేను అమ్మాయిని. బంధువులు రకరకాలుగా అంటున్నారు, ఒక్కోసారి కస్టమర్ల ఇళ్ళలోనూ ఇబ్బందిగా ఉంటుంది.

మా టీమ్‌లో ఇప్పుడు నలుగురు అమ్మాయిలు ఉన్నారు, వంటింటి దాకా వెళ్ళి మాట్లాడగలిగేది వాళ్ళే, ఆ పని మగపిల్లలకు కుదరదు. బంధువుల మాటలకు వాదించి లాభం లేదు, ఆరు నెలల జీతం ఇంట్లో ఇచ్చాక గొంతులు వాటంతటవే తగ్గడం చూశాను. కానీ రెండో విషయం దగ్గర నేను చాలా గట్టిగా ఉంటాను. మొదటి మూడు నెలలు జంటగానే వెళ్ళాలి. ఏ వీధిలో ఉన్నారో గ్రూపులో పెట్టాలి. ఇంట్లో ఆడవాళ్ళు లేకపోతే వరండా దాటకూడదు. ఎవరి చూపైనా మాటైనా తేడాగా అనిపిస్తే వాక్యం మధ్యలో ఉన్నా సరే లేచి వచ్చేయాలి. ఆ అమ్మకం పోయిందని మిమ్మల్ని ఎవరైనా ప్రశ్నిస్తే నాకు చెప్పండి, జవాబు నేను చెప్తాను.

ఫోన్లో పలకరించగానే తిడుతున్నారు.

రోజుకు అలాంటివి ఎన్ని వస్తున్నాయో వాళ్ళ వైపు నుంచి చూడండి. 1909 నంబర్‌కి చెప్పి డీఎన్‌డీ (అమ్మకం కాల్స్ వద్దని) పెట్టుకున్న నంబర్లకు అమ్మకం కాల్స్ చేయడం తప్పు, ఎక్కడి నుంచో కొన్న లిస్టు పట్టుకుని చేస్తే తిట్లు తప్పవు. తెలిసినవాళ్ళు ఇచ్చిన నంబర్‌కి, వాళ్ళ పేరు చెప్పి, "ఇప్పుడు మాట్లాడవచ్చా అండీ" అని మొదలుపెట్టండి.

నెలాఖరు మీటింగ్‌లో మేనేజర్ అందరి ముందు తిట్టాడు. మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాలంటే మొహం చెల్లడం లేదు.

నాకూ జరిగింది. ఒకచోట టార్గెట్ చేయనివాళ్ళను మీటింగ్ అయ్యేదాకా నిలబెట్టేవాళ్ళు. నలభై నిమిషాలు గోడకు ఆనుకుని నిలబడి ఎదురుగా ఉన్న క్యాలెండర్ చూస్తూ ఉన్నాను, ఆ తారీఖు ఇప్పటికీ గుర్తుంది. అవమానం చేస్తే అమ్మకాలు పెరుగుతాయని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, నేను నమ్మను, మా మీటింగుల్లో ఎవరినీ నిలబెట్టను. మీరు చేయగలిగింది ఏమిటంటే, ఆయన మాటల్లో పనికొచ్చే సమాచారం ఉంటే అది మాత్రం తీసుకోవడం ("ఫాలో అప్ లేదు" అన్నాడనుకోండి, అది నిజమేనా?), మర్నాడు ఆయన్ను ఒంటరిగా కలిసి "సార్, తప్పుంటే గదిలో చెప్పండి" అని నెమ్మదిగా అనడం. ఒకసారి అన్నాక కూడా మారకపోతే వేరే ఉద్యోగం వెతుక్కుంటూ పని చేయండి.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఏదీ చేయబుద్ధి కావడం లేదు. ఇది కూడా మైండ్‌సెట్ సమస్యేనా?

కాకపోవచ్చు. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే, తిండి సహించకపోతే, బతకాలని లేదు అనిపిస్తే, గట్టి మనసు చేసుకోమని చెప్పేవాళ్ళ మాట వినకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 14416, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ మా పిల్లలందరి ఫోన్లలో సేవ్ చేయించాను.

ఎప్పుడు మానేయాలి?

వస్తువు మంచిదై, నేర్పేవాళ్ళు ఉండి, ఏడాది నిజంగా తిరిగి, అప్పటికీ పొద్దున లేస్తే ఏడుపు వస్తుంటే మానేయవచ్చు. ఒంగోలులో నాతో పాటు చేరిన మిత్రుడు పద్నాలుగు నెలలకు మానేసి చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాయడానికి చేరాడు, హాయిగా ఉన్నాడు. మొన్న వాళ్ళింట్లో మెషిన్ నేనే బిగించి వచ్చాను. కానీ మూడో వారంలో, నెలాఖరు సాయంత్రం, తిట్లు తిన్న గంటలో నిర్ణయం తీసుకోకండి.

రేపే నా మొదటి రోజు. ఏం చేయమంటారు?

తొమ్మిదిన్నరకు ముందు ఇళ్ళకు వెళ్ళకండి, ఆడవాళ్ళు క్యారేజీలు సర్దే హడావిడిలో ఉంటారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపులు కొట్టకండి. గేటు తీసినవాళ్ళు మళ్ళీ వేయండి, చెప్పులు బయట విడవండి, పెద్దవాళ్ళను అమ్మా, అయ్యా అని పిలవండి. మొదటి ఇంట్లో మాట తడబడుతుంది, తడబడనివ్వండి, రెండో ఇంటికి వెళ్ళండి. నోట్‌బుక్, రెండు పెన్నులు, మీటర్‌లోకి కొత్త బ్యాటరీలు, తలకు టోపీ పెట్టుకోండి. సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చేయండి, ఎన్ని ఇళ్ళకు వెళ్ళారో, ఎవరు ఏమన్నారో చెప్పండి.